లావు అక్షరంలో సన్నగీత: ఒక పోస్టర్ కేస్ స్టడీ

పని వివరాలు రెండు లైన్లలో చెప్పేయొచ్చు. ఒక పియానో కచేరీల సిరీస్‌కి ఏ2 పోస్టర్, 24 పేజీల ప్రోగ్రామ్ పుస్తకం, ఒక వెబ్ పేజీ, సోషల్ మీడియాకి ప్రొఫైల్ బొమ్మ. అన్నీ రాత్రి కచేరీలే, వాయించేవి ఎక్కువగా నాక్టర్న్‌లే (రాత్రి వాతావరణాన్ని తలపించే చిన్న పియానో రచనలు) కాబట్టి సిరీస్ పేరు కూడా ఆ ఒక్క మాటే. ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో రాస్తే ఎనిమిది వస్తాయి: ఎన్, ఓ, సీ, టీ, యూ, ఆర్, ఎన్, ఈ. ఈ ఎనిమిది అక్షరాలతో ఐదు వారాలు గడిపాను.

సిరీస్ నడిపేవారు స్వయంగా పియానిస్ట్. మొదటి మీటింగ్‌లోనే ఆవిడ స్పష్టంగా చెప్పారు: "ఫొటో వద్దండీ. పియానో మెట్ల బొమ్మ అసలే వద్దు. రోడ్డుకి అవతల నుంచి చూసినా పేరు కొట్టొచ్చినట్టు కనపడాలి. దగ్గరికి వచ్చి చూస్తే మాత్రం నాజూగ్గా ఉండాలి."

దూరానికి బలం, దగ్గరికి నాజూకు. ఈ రెండూ ఒకే అక్షరంలో ఉండే జాతి ఒకటుంది. అందుకే వేరే దారులు పెద్దగా వెతకలేదు. ఒక బోల్డ్ సాన్స్ (గీతల చివర చిన్న అడ్డగీతలు లేని ఫాంట్), ఒక చేతిరాత తరహా ఫాంట్ పక్కన పెట్టి చూపించాను. సాన్స్‌లో బలం ఉంది కానీ దగ్గరికి వెళ్తే చూడ్డానికి ఇంకేమీ లేదు. చేతిరాత ఫాంట్ పది అడుగుల దూరంలోనే కరిగిపోయింది. మూడోది బొడోనీ వంశపు సెరిఫ్, అంటే గీతల చివర చిన్న అడ్డగీతలున్న ఫాంట్, బాగా లావైన బ్లాక్ వెయిట్‌లో. ఆవిడ దాన్ని చూడగానే కుర్చీ ముందుకు లాక్కున్నారు.

ఈ అక్షరం ఎలా కట్టి ఉంటుంది

టైపోగ్రఫీలో ఈ జాతిని డిడోన్ అంటారు. డిడో, బొడోనీ అనే ఇద్దరు అక్షరశిల్పుల పేర్లు కలిపి 1954లో మాక్సిమిలియన్ వోక్స్ తన వర్గీకరణలో ఈ పేరు పెట్టాడు. లక్షణాలు సులువుగా గుర్తుపట్టొచ్చు. నిలువు గీతలు లావు, అడ్డ గీతలు వెంట్రుక మందం. సెరిఫ్‌లు కూడా అంతే సన్నం, పైగా స్తంభానికి తిన్నగా లంబంగా అతికి ఉంటాయి, మధ్యలో వంపు ఉండదు. ఓ అక్షరంలో లావంతా కుడి ఎడమల్లో సరిగ్గా నిలువుగా నిలబడుతుంది, పైనా కిందా కలిసే చోట దారంలా సన్నబడుతుంది.

బోల్డ్ చేసినప్పుడు జరిగేది ఇంకా ముఖ్యం. మామూలు ఫాంట్‌లో బోల్డ్ అంటే అన్ని గీతలూ ఎంతో కొంత బలుస్తాయి. ఇక్కడ లావు గీతలే బలుస్తాయి, సన్నవి దాదాపు అలాగే ఉండిపోతాయి. అంటే వెయిట్ పెరిగేకొద్దీ కాంట్రాస్ట్, అంటే లావు-సన్నాల తేడా, కూడా పెరుగుతుంది. నేను తీసుకున్న ఫైల్ తెరిచి కొలిచాను. వెయ్యి యూనిట్ల ఎమ్‌లో (ఫాంట్ సైజుకి సమానమైన కొలత) లావు స్తంభం 240 యూనిట్లు, సన్నగీత 12. ఒకటికి ఇరవై రెట్లు. ఈ 12 అనే అంకె ఈ ప్రాజెక్టులో అడుగడుగునా నాకు ఎదురొచ్చింది.

ఎనిమిది అక్షరాల్లో సన్నం ఎక్కడ, లావు ఎక్కడ అని కాగితం మీద రాసుకున్నాను. ఈ, టీ, ఆర్‌లలో నిలువు స్తంభం లావు. యూలో ఎడమ కాలు లావు, కుడి కాలు సన్నం. ఎన్‌లో మాత్రం అంతా తిరగబడుతుంది: రెండు నిలువు గీతలూ సన్నం, మధ్య ఏటవాలు గీత ఒక్కటే లావు. మన మాటలో ఎన్ రెండుసార్లు వస్తుంది, అందులో ఒకటి మొదట్లోనే. అంటే పోస్టర్ ఎడమ అంచు ఒక సన్నగీతతో మొదలవుతుంది. ఇది బాగుంటుందా, బలహీనంగా ఉంటుందా అని చాలాసేపు తేల్చుకోలేకపోయాను. చివరికి అదే నచ్చింది. సన్నగా మొదలై, ఒక్కసారిగా ఏటవాలు లావు గీత దిగి, ఓలోకి వెళ్తుంది. మెల్లగా మొదలై ఎడమచేతి బరువు వచ్చి చేరే సంగీతానికి అది సరిపోయింది.

ఆ కాలం, ఈ కాలం

ఫాంట్ చరిత్ర చెప్పకుండా క్లయింట్‌కి కారణం చెప్పలేను, పైగా ఈ ప్రాజెక్టులో చరిత్ర అనుకోకుండా కలిసొచ్చింది. 1757లో బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ తన మొదటి పుస్తకం, వర్జిల్ కావ్యాలు, అచ్చు వేశాడు. నల్లని సిరా, వేడి పలకల మధ్య నొక్కి నునుపు చేసిన కాగితం. నునుపు కాగితం మీద సన్నగీత చెదరకుండా నిలిచింది. ఆ తర్వాత పారిస్‌లో డిడో కుటుంబం, పార్మాలో జాంబతిస్తా బొడోనీ ఆ సన్నగీతని ఇంకా సన్నం చేస్తూ వెళ్లారు. బొడోనీ 1813లో చనిపోయాడు. ఆయన అక్షరాల నమూనా గ్రంథం మాన్యువాలే టిపోగ్రాఫికోని రెండు సంపుటాలుగా 1818లో ఆయన భార్య వెలువరించింది.

అదే సమయానికి లండన్‌లో వ్యవహారం మరో వైపు తిరిగింది. లాటరీల కరపత్రాలు, గోడ ప్రకటనలు ఎక్కువయ్యాయి. ప్రతి ఒక్కరికీ పక్కవాడి కాగితం కన్నా తమది ముందు కనపడాలి. సీసం అక్షరాలు పోతపోసేవాళ్లు ఈ నాజూకైన పుస్తకపు అక్షరాన్నే తీసుకుని స్తంభాలని ఉబ్బించారు, సన్నగీతని మాత్రం వదిలేశారు. దీన్నే ఫ్యాట్ ఫేస్ అన్నారు. వాళ్లలో రాబర్ట్ థోర్న్ పేరు ఈ సందర్భంలో ఎక్కువగా వినిపిస్తుంది. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ చెక్క అక్షరాలని పెద్ద ఎత్తున తయారు చేసే పద్ధతి కనిపెట్టాక సీసంలో పోయలేనంత పెద్ద సైజులు కూడా సాధ్యమయ్యాయి.

ఇప్పుడు నాక్టర్న్ సంగతి. ఆ పేరుతో పియానోకి మొదటి రచనలు చేసింది ఐర్లండ్ స్వరకర్త జాన్ ఫీల్డ్, అవి అచ్చయింది 1810ల దశకంలో. అంటే ఫ్యాట్ ఫేస్, నాక్టర్న్ ఒకే తరంలో పుట్టాయి. ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఫాంట్ విషయంలో మళ్లీ చర్చ రాలేదు.

ఈ జాతిని పరిమళాల సీసాల మీద, ఫ్యాషన్ పత్రికల మీద చూసి చూసి చాలామందికి ఒక అలవాటైన అర్థం ఏర్పడిపోయింది: ఖరీదు, దర్జా. రెగ్యులర్ వెయిట్‌లో వాడి ఉంటే మన పోస్టర్ కూడా అలాగే కనిపించేది. బ్లాక్ వెయిట్‌లో ఆ దర్జాతో పాటు వీధి గోడల గోల కూడా ఉంటుంది. నాకు అది కావాలి. కచేరీ టికెట్ అందరిదీ అనిపించాలి.

నాక్, టర్, న్

ముందు మాటని ఒకే వరుసలో పెట్టాను. కాగితం వెడల్పు 420 మిల్లీమీటర్లు. ఎనిమిది బ్లాక్ అక్షరాలు అందులో పట్టాలంటే ఫాంట్ 160 పాయింట్లు దాటలేదు. సన్నగీత 0.68 మిల్లీమీటర్లు వచ్చింది. చూడ్డానికి తప్పేమీ లేదు, కానీ పోస్టర్‌లో ఒక పట్టీలా ఉండిపోయింది.

తర్వాత మాటని మూడు ముక్కలు చేశాను: మొదటి వరుసలో ఎన్-ఓ-సీ, రెండో వరుసలో టీ-యూ-ఆర్, మూడో వరుసలో ఎన్-ఈ. పలికేటప్పుడు విరిగే చోటే విరిచాను కాబట్టి చదవడానికి ఇబ్బంది లేదు. ఫాంట్ ఒక్కసారిగా 425 పాయింట్లకి వెళ్లింది. లావు స్తంభం 36 మిల్లీమీటర్లు, సన్నగీత 1.8. మూడో వరుసలో రెండే అక్షరాలు కాబట్టి కుడివైపు చోటు మిగిలింది. తేదీ, పేర్లు అక్కడ కూర్చుంటాయి. మాట మొత్తాన్ని కాగితం అడుగుకి దించాను. పైన 230 మిల్లీమీటర్లు ఖాళీ, నలుపు మాత్రమే. రాత్రిని చూపించడానికి నాకు ఇంతకన్నా ఏమీ అక్కర్లేకపోయింది.

చిన్నక్షరాల్లో కూడా చూశాను. చిన్న సీ, ఆర్‌లకి చివర గుండ్రటి బొట్టు ఉంటుంది, ఈ జాతి అందమంతా సగం అక్కడే. కానీ యూ, ఆర్, ఎన్ వరసగా వస్తే లావు స్తంభాలు కంచెలా నిలబడిపోయాయి, మాట కన్నా కంచే ముందు కనపడింది. పెద్దక్షరాలకే వచ్చాను.

పెద్దక్షరాలకి కిందికి వేలాడే భాగం ఉండదు కాబట్టి వరుసల మధ్య దూరం ఫాంట్ సైజు కన్నా బాగా తగ్గించొచ్చు. 425 పాయింట్ల ఫాంట్‌కి 323 పాయింట్ల లీడింగ్ పెట్టాను. అక్షరం ఎత్తు 105 మిల్లీమీటర్లు, వరుసల మధ్య ఖాళీ 9. పక్కపక్క అక్షరాల మధ్య కంటికి కనిపించే ఖాళీ ఎంతో, వరుసల మధ్య ఖాళీ కూడా దాదాపు అంతే ఉండేలా చూశాను. అప్పుడే మూడు వరుసలూ ఒక దిమ్మలా కలిసి నిలబడతాయి.

కెర్నింగ్‌కి, అంటే పక్కపక్క అక్షరాల మధ్య ఖాళీల సర్దుబాటుకి, రెండు రోజులు పట్టింది. ఈ ఫాంట్‌లో సన్నని సెరిఫ్‌లు పక్కకి బాగా చాచుకుని ఉంటాయి. అక్షరాలు దగ్గరికి జరిపేకొద్దీ ముందు ఆ చాచిన చేతులే తగులుతాయి. టీ పక్కన యూ చూడండి. టీ అడ్డగీత, యూ ఎడమ కాలి మీది సెరిఫ్ రెండూ ఒకే ఎత్తులో, ఒకే మందంలో ఉంటాయి. కాస్త దగ్గరైతే రెండూ ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు కనిపిస్తాయి. ఇక్కడ నాకు ఒక్కటే పద్ధతి పనిచేసింది: గీతలు తగలాలి, లేదంటే స్పష్టంగా తగలకూడదు. తగిలీ తగలనట్టు ఉంటే కన్ను అక్కడే ఆగిపోతుంది, అచ్చులో ఏదో పొరపాటు జరిగిందనిపిస్తుంది. టీ-యూ మధ్య సన్నగీతకి మూడింతల ఖాళీ ఉంచాను, అంటే 5.4 మిల్లీమీటర్లు.

చివరి వరుసలో లెక్క మారింది. ఎన్ కుడి కాలికి పైన మాత్రమే సెరిఫ్ ఉంటుంది, కింద మొన తేలిపోతుంది. పక్కన ఈకి పైనా కిందా రెండు చోట్లా సెరిఫ్ ఉంది. పైన సరిపోయే దూరం పెడితే కింద ఖాళీ ఎక్కువగా కనిపిస్తుంది. ఇక్కడ పై సెరిఫ్‌లు రెండిటినీ కలిపేశాను. ఒకే సన్నగీత ఎన్ నుంచి ఈ మీదికి సాగిపోతుంది. రెండే అక్షరాల వరుస కాబట్టి ఆ కలయిక దానికి బలం ఇచ్చింది. దూరం నుంచి ఎవరూ దాన్ని గమనించరు, దగ్గరికొచ్చినవాళ్లకి మాత్రం కనపడుతుంది. ఆవిడ మొదటి రోజు అడిగిన నాజూకు నా దృష్టిలో ఇదే.

మొదటి ప్రూఫ్

తప్పు పెద్దక్షరాల్లో జరగలేదు, చిన్న వివరాల్లో జరిగింది. తేదీ, సమయం, వాయించేవాళ్ల పేర్లు కూడా అదే ఫాంట్‌లో, 18 పాయింట్ల పెద్దక్షరాల్లో పెట్టాను. స్క్రీన్ మీద జూమ్ చేసి చూస్తే ముత్యాల్లా ఉన్నాయి. నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలు. నలుపు చిక్కగా ఉండాలని నాలుగు రంగులూ కలిపిన రిచ్ బ్లాక్ వాడాను.

ప్రూఫ్, అంటే అచ్చు నమూనా, చేతికొచ్చింది. పేరు అద్భుతంగా వచ్చింది. వివరాల దగ్గర మాత్రం చాలా అక్షరాలు నిలువు స్తంభాలే. ఈకి చేతులు పోయాయి, టీకి తల పోయింది, ఐ ఎలాగూ స్తంభమే. మూడూ ఒకేలా కనిపిస్తున్నాయి. హెచ్ మధ్య గీత మాయమై రెండు స్తంభాలయ్యాయి. ఆవిడ ఫోన్ చేసి, "అక్షరాలు గట్టిగానే ఉన్నాయి గానీ, నా పేరు నేనే చదవలేకపోతున్నానండీ" అన్నారు. ఆ రాత్రి నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు, ఎందుకంటే అచ్చుకి ఇంక నాలుగు రోజులే ఉంది.

లెక్క వేస్తే కారణం తేలిపోయింది. 18 పాయింట్లు అంటే 6.35 మిల్లీమీటర్లు. అందులో వెయ్యికి 12 వంతులు అంటే 0.076 మిల్లీమీటర్లు. ఆ తెల్లగీత చుట్టూ నాలుగు ఇంకులున్నాయి. కాగితం మీద పడ్డ ఇంక్ ఎంతో కొంత పక్కకి పాకుతుంది. తెలుపు మీద నల్లగీత అయితే పాకి లావవుతుంది. తెల్లగీత అయితే రెండు వైపుల నుంచీ ఇంక్ పాకి దాన్ని మింగేస్తుంది. దానికి తోడు ఒక్కో రంగుకి ఒకటిగా ఉండే నాలుగు ప్లేట్లలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా అంత సన్నని తెల్లగీత మీద రంగు కూర్చుంటుంది. అచ్చువాళ్లు చేయగలిగిందేమీ లేదు, నేను ఇచ్చిన గీతే అంత సన్నం.

వివరాలన్నిటికీ ఫ్రాంక్లిన్ గోథిక్ పెట్టాను, 13 పాయింట్లు. గీతల మందంలో పెద్ద తేడా లేని సాన్స్, తెల్లగా అచ్చయినా నిలబడుతుంది. 1902లో మోరిస్ ఫుల్లర్ బెంటన్ గీసిన ఫాంట్ ఇది. 1928లో అల్ట్రా బొడోనీ గీసిందీ ఆయనే. అందుకో ఏమో గానీ రెండు జాతులూ పక్కపక్కన కూర్చుంటే పొత్తు కుదురుతుందని నాకెప్పుడూ అనిపిస్తుంది. వివరాల కింద ఉన్న నలుపులో మిగతా మూడు రంగుల అంచుల్ని అక్షరం నుంచి కొద్దిగా వెనక్కి లాగించాం. నల్ల ప్లేట్ ఒక్కటే అక్షరం అంచుని గీస్తుంది. రెండో ప్రూఫ్‌లో ఒక్క అక్షరం కూడా పోలేదు.

ఒకే ఫాంట్, ఎన్నో సైజులు

ఈ తప్పు వెనక ఒక పాత కథ ఉంది. సీసం అక్షరాల కాలంలో ప్రతి సైజుకీ పంచ్, అంటే అక్షరం మూస తీసే ఉక్కు కడ్డీ, విడిగా చెక్కేవారు. చిన్న సైజు చెక్కేటప్పుడు సన్నగీతని కొంచెం లావు చేసేవారు, అక్షరాల మధ్య ఖాళీ పెంచేవారు. తర్వాత ఫొటో టైప్‌సెట్టింగ్, కంప్యూటర్ వచ్చాక చాలా ఫాంట్లలో ఒకే బొమ్మని సాగదీసి, కుదించి అన్ని సైజులకీ వాడటం మొదలైంది. డిడోన్‌ల విషయంలో ఆ దెబ్బ వెంటనే తెలిసింది. పెద్ద సైజుకి గీస్తే చిన్నప్పుడు మాయం, చిన్న సైజుకి గీస్తే పెద్దప్పుడు మోటు. 1990ల మొదట్లో హార్పర్స్ బజార్ పత్రిక కోసం జొనథన్ హోఫ్లర్ చేసిన డిడోలో సైజుకో రూపం విడిగా గీశారు. 1994లో వచ్చిన ఐటీసీ బొడోనీలో 6, 12, 72 పాయింట్లకి మూడు రూపాలున్నాయి. 2016 నుంచి వేరియబుల్ ఫాంట్లు వచ్చాక ఇదే పనిని ఆప్టికల్ సైజ్ యాక్సిస్ చేస్తోంది. ఒకే ఫైల్‌లో సైజుని బట్టి సన్నగీత మందం మారుతుంది. ఉచితంగా దొరికేవాటిలో బొడోనీ మోడాకి ఈ యాక్సిస్ ఉంది. ఏబ్రిల్ ఫ్యాట్‌ఫేస్ ఒకే వెయిట్, పెద్ద హెడ్డింగులకే పుట్టింది, దాన్ని అక్కడే వాడాలి.

ప్రోగ్రామ్ పుస్తకానికి నేను మధ్యరకం రూపం తీసుకున్నాను, సన్నగీత 28 యూనిట్లు. స్వరకర్తల పేర్లు 36 పాయింట్లలో, మొదటి అక్షరం పెద్దది, మిగతావి చిన్నవి. సన్నగీత 0.36 మిల్లీమీటర్లు వస్తుంది. పెద్ద సైజులకి గీసిన డిస్‌ప్లే రూపమే వాడి ఉంటే 0.15 వచ్చేది. పుస్తకం కాగితం కోటింగ్ లేనిది, కాస్త గరుకు. రెండు రూపాల్నీ అదే కాగితం మీద వేయించి భూతద్దం పెట్టి చూశాను. డిస్‌ప్లే రూపంలో గీత అంచులు నూగులా చెదిరాయి, మధ్యరకం గీత తిన్నగా ఉంది. లోపలి వ్యాసాలకి మామూలు పుస్తకపు సెరిఫ్ వాడాను. డిడోన్ బ్లాక్‌లో ఒక్క పేరా పెట్టినా కళ్లు బైర్లు కమ్ముతాయి.

పోస్టర్‌లో వదులుకున్న గుండ్రటి బొట్లు ఈ పుస్తకంలో దొరికాయి. ఫోరే పేరులో ఆర్ చివరి బొట్టు నల్లటి పూసలా వేలాడుతుంది, దాని పక్కనే ఈ, దాని నెత్తిన యాక్సెంట్. బొట్టు ఈని గుద్దకుండా 15 యూనిట్లు జరిపాను. కచేరీల సంఖ్యలు 1 నుంచి 6 వరకు ఒక్కోటి పేజీ నిండా వేశాను. ఈ ఫాంట్‌లో అంకెలు చూసి తీరాలి. 2 తీసుకోండి: పైన ఎడమవైపు పెద్ద బొట్టు, అక్కడి నుంచి సన్నగా లేచి, కుడివైపు ఒక్కసారి లావై, మళ్లీ దారమంత సన్నబడి కిందికి జారి, అడుగున అలలా సాగుతుంది. ఒక్క అంకెలోనే ఉచ్ఛ్వాసం, నిశ్వాసం రెండూ ఉన్నాయి. ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీ రెండో కచేరీదే.

వెబ్ పేజీలో మాటని ఒకే వరుసలో పెడితే 390 పిక్సెళ్ల ఫోన్‌లో సన్నగీత 0.6 పిక్సెల్ వచ్చింది. కొన్ని తెరల మీద అది బూడిద రంగు పొగలా మిగిలింది. పోస్టర్‌లోని మూడు వరుసలే ఇక్కడా పెట్టాను. ఫాంట్ 130 పిక్సెళ్లు, సన్నగీత ఒకటిన్నర పైనే. ఉపశీర్షికలు 32 పిక్సెళ్లు. బ్రౌజర్ ఆప్టికల్ సైజ్‌ని తనంతట తనే ఫాంట్ సైజుకి కలుపుతుంది, కానీ నలుపు మీద తెలుపు కాబట్టి నేను దాన్ని 20కి దించి పెట్టాను. సన్నగీత ఇంకొంచెం నిలబడింది. బటన్లకి, ఫారం గళ్లకి ఈ ఫాంట్ అసలు పెట్టలేదు. అక్కడ మనిషి పని చూసుకుని వెళ్లాలి, అక్షరం అడ్డం రాకూడదు.

ప్రొఫైల్ బొమ్మ ఒక్క ఎన్. 64 పిక్సెళ్ల గడిలో డిస్‌ప్లే రూపం పెడితే రెండు నిలువు గీతలూ మాయమై మధ్య ఏటవాలు దిమ్మ ఒక్కటే మిగిలింది. ఓ పెట్టి చూస్తే రెండు అర్ధచంద్రులు ఎదురెదురుగా నిలబడ్డాయి, అందంగానే ఉన్నాయి గానీ ఓ అని ఎవరూ చదవరు. చివరికి ఎన్ సన్నగీతల్ని 60 యూనిట్లకి పెంచి చేత్తో గీశాను. పెద్దది చేసి చూస్తే మోటుగా ఉంటుంది, చిన్న గడిలో మాత్రం పోస్టర్‌లోని ఎన్‌లాగే కనిపిస్తుంది.

క్లయింట్‌కి ఇచ్చిన వాడుక పత్రంలో సైజు పక్కనే సన్నగీత మందం కూడా రాశాను. కాగితం మీద నలుపు అయితే 0.2 మిల్లీమీటర్ల కన్నా, నలుపు మీద తెలుపు అయితే 0.35 కన్నా సన్నబడే ఏ సైజులోనూ ఈ ఫాంట్ వాడొద్దని ఉంది. ఈ అంకెలు మా కాగితానికి, మా ప్రూఫ్‌లకి సరిపోయినవి, వేరే కాగితానికి వేరే ప్రూఫ్ తీసి కొలుచుకోవాలి. పోస్టర్ ఒకటి నా టేబుల్ ఎదురుగా గోడకి ఉంది. టీ-యూ మధ్య ఖాళీ ఇప్పటికీ అరమిల్లీమీటరు ఎక్కువైందనిపిస్తుంది. తర్వాతి సిరీస్ ఫైల్‌లో దాన్ని 4.9కి తెచ్చి పెట్టాను.